కోడిపిల్లల గదికి వెచ్చని నేల – పైపఱపును బట్టి నీటివేడి లెక్క

కార్తికము దాటి మార్గశిరము వచ్చినది మొదలు తెలంగాణ జిల్లాలలో తెల్లవారుజాము చలి హెచ్చును. కోళ్లపెంపకము చేయు మన సభ్యులకు మాఘము వెళ్లువఱకు ఇది గండకాలము. అట్టపెట్టెలలో వచ్చి దిగిన ఒకదినపు పిల్లలు మొదటి రెండు వారములలో చలికి గుమిగూడి, ఒకదానిపై నొకటి పడి, అడుగుననున్నవి ఊపిరాడక చచ్చుట మన మెఱిగినదే. ఒక్క రాత్రి చలి తగిలినచో మిగిలిన పిల్లలును మేత సరిగా తినక, ఎదుగక, ఖర్చును మాత్రము పెంచుచుండును. ఈ నష్టమును తప్పించుటకు విద్యుద్దీపములు, గ్యాసు పొయ్యిలు, బొగ్గు కుంపట్లు వాడుచున్నాము. దీపము కరెంటు పోయిన క్షణమున ఆరును. కుంపటి పొగను, విషవాయువును వెడలించును. ఊకపై నిప్పురవ్వ పడిన గదియే తగులబడును.

కావున నేలలో గొట్టములు పఱచి, వానిలో గోరువెచ్చని నీరు ప్రవహింపజేసి, నేలనే వెచ్చగా నుంచు పద్ధతిని గూర్చి సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. గొట్టము వెల యెంత, సూర్యతాపముతో నీరు కాచు యంత్రము చాలునా, పంపు ఎంతటిది కావలెను అని ప్రశ్నించువారే గాని, నేలపై నేమి పఱతుమో దాని మాట అడిగినవారు అరుదు. నిజమునకు ఈ యేర్పాటు యొక్క జయాపజయములు ఆ యొక్క సంగతిపైననే ఎక్కువగా ఆధారపడి యున్నవి. దానిని సభ్యులకు లెక్కతో సహా విశదపఱచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పద్ధతి ప్రాచీనమైనది

రెండువేల యేండ్లకు పూర్వమే రోమకులు స్నానశాలల నేలను చిన్న స్తంభములపై నిలిపి, క్రింద పొయ్యిగాలిని పోనిచ్చి వెచ్చజేసిరి. కొరియా దేశమున ‘ఒండోల్’ అను పద్ధతి తరతరములుగా నడచుచున్నది. వంటపొయ్యి నుండి వెడలు పొగ బండలక్రింది కాలువల గుండ పోయి ఆవలి గోడవద్ద పైకి వెడలును. బండలపై మట్టిపూత, దానిపై నూనె పట్టించిన దళసరి కాగితము. ఇంటివారు దానిపైననే కూర్చుందురు, పరుందురు. 2018లో కొరియా ప్రభుత్వము ఈ పద్ధతిని తమ దేశపు సాంస్కృతిక సంపదగా ప్రకటించినది. ఇందులో మనము గమనింపదగినది పైపఱపు. చలిదేశమైనను వారు నేలపై మందపు తివాచీ పఱవలేదు. పలుచని కాగితము వేసికొనిరి. పొయ్యి వేడి పైకి రావలెనన్న అడ్డు తక్కువగా నుండవలెనని వారు అనుభవముచే గ్రహించిరి.

ఇప్పుడు పొగకు బదులు నీరు వచ్చినది. నీటిని మరగింప నక్కరలేదు. 35 మొదలు 45 డిగ్రీల వఱకు వేడి చాలును. ఇంత తక్కువ వేడిని సూర్యతాప యంత్రము సులభముగా నీయగలదు. అందుచేతనే దీనిని మందోష్ణ పద్ధతి యనుచున్నారు. కాని నీటివేడి తక్కువగా నున్నప్పుడు దారిలోని ప్రతి యడ్డును లెక్కకు వచ్చును.

వేడి ఎట్లు పైకి వచ్చును

మేమున్న కృష్ణానగర్‌లోను, ప్రక్కనున్న అమీర్‌పేట, పంజాగుట్టలలోను చాల యిండ్ల నేలలు తాండూరు బండలో, మొజాయికో, గచ్చో అయి యున్నవి. పుష్యమాసమున తెల్లవారి ఒక పాదమును బండపైనను, రెండవ పాదమును ప్రక్కనున్న చాపపైనను మోపి చూడుడు. బండ జిల్లుమనును, చాప అట్లనిపింపదు. రాత్రియంతయు ఒకే గదిలోనున్న ఆ రెండింటి ఉష్ణము ఒకటియే. భేదమేమనగా, బండ మన పాదపు వేడిని త్వరగా లాగికొనిపోవును, చాప పోనీయదు. నేలక్రింద వేడినీరున్నప్పుడు ఈ గుణమే తలక్రిందులుగా పనిచేయును. పాదము నుండి వేడిని త్వరగా లాగు బండయే క్రిందినుండి వేడిని త్వరగా పైకి తెచ్చును. కాలికి సుఖముగా తోచు చాపయే వేడిని క్రిందనే నిలుపును.

పైకి వచ్చిన వేడి గదిలోనికి పోవుటకు ఒక సులభ సూత్రము కలదు. నేల పైముఖము గదిగాలికంటె ఎన్ని డిగ్రీలు హెచ్చుగా నున్నదో, ఒక్కొక్క డిగ్రీకి చదరపు మీటరు నేలనుండి సుమారు 11 వాట్ల వేడి వెలువడును. గాలి 20, నేల 29 డిగ్రీలైన 100 వాట్లు. మనుష్యులు నివసించు గదులలో నేల 29 డిగ్రీలకు మించరాదని యూరోపు దేశముల నియమము. అంతకు మించిన నిలుచున్నవారి కాళ్లకు బాధ కలుగును. కావున నివాసగృహమున నేల యీయగల వేడి చదరపు మీటరుకు 100 వాట్లే యని గుర్తుంచుకొనవలెను.

ఏ పఱపు ఎంత సుంకము తీసికొనును

ఈ 100 వాట్లు ఒక చదరపు మీటరు పఱపును దాటి పైకి రావలెనన్న, పఱపు అడుగునకును పైకిని కొంత ఉష్ణభేదము ఉండితీరవలెను. దారిలో సుంకపుగేటు వంటిది ఆ భేదము. గచ్చునేలకు వేరుగా సుంకము లేదు. గొట్టముపైనున్న గచ్చే పైముఖము. 20 మిల్లీమీటర్ల గ్రానైటు రాయి ఒక డిగ్రీకి లోపుగానే తీసికొనును. 10 మిల్లీమీటర్ల పింగాణి పలక ఒక డిగ్రీ. అంగుళము మందపు తాండూరు బండ సుమారు ఒకటిన్నర డిగ్రీ, మొజాయికును అంతే. 2 మిల్లీమీటర్ల వినైలు పఱపు ఒక డిగ్రీ.

ఇంతవఱకు భయము లేదు. ఇకపై సుంకము పెరుగును. పలుచని గోనెపట్ట 5 డిగ్రీలు తీసికొనును. గడ్డిచాపయు ఇంచుమించు అట్టిదే. 15 మిల్లీమీటర్ల టేకు చెక్క 9 లేక 10 డిగ్రీలు. అడుగున మెత్త గల తివాచీ 15 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తీసికొనును. యూరోపు నియమము ఈ 15 డిగ్రీలనే హద్దుగా పెట్టినది. అంతకు మించు పఱపునకు మందోష్ణ పద్ధతి తగదు. మన కోళ్లగదులలో పఱచు ఎండు వరిఊక అంగుళమునకు సుమారు 50 డిగ్రీలు తీసికొనును! రెండంగుళముల ఊకపఱపు నూఱు డిగ్రీల సుంకపుగేటని సభ్యులు గ్రహింపవలెను.

కంటికి కనబడని మఱియొక సుంకము కలదు. తాండూరు బండను నాలుగు మూలల నాలుగు ముద్దల సున్నమో సిమెంటో పెట్టి దించి, నడుమ గుల్లగా వదలుట మన మేస్త్రీలకు వాడుక. ఆ గుల్లలోని నాలుగైదు మిల్లీమీటర్ల గాలిపొర ఒక టేకుచెక్క యంత అడ్డు. కావున వెచ్చని నేలపై బండ వేయునపుడు అడుగంతయు నిండునట్లు సిమెంటు పాలు పట్టించి దింపవలెను. ఆరిన పిమ్మట చెక్కసుత్తితో తట్టి చూచి, డొల్లశబ్దము వచ్చిన బండను తీసి మరల వేయింపవలెను.

నివాసగృహముల మాట

నగరమున బంధువుల యిండ్లకు వచ్చు సభ్యులు కొందఱు, ఇట్టి యేర్పాటు మనుష్యుల గదులకును పనికివచ్చునా యని అడిగిరి. చికాగో, టొరంటో వంటి చలినగరములలో స్థిరపడిన తెలుగువారి యిండ్లకు పనికివచ్చును. అక్కడ చెక్కనేల, తివాచీల లెక్కయే ప్రధానము. హైదరాబాదునకు మాత్రము అక్కరలేదని మా యభిప్రాయము. ఏడాదిలో కొలది వారముల రాత్రిచలికై నేలను త్రవ్వించుట వ్యర్థవ్యయము. మన నగరపు బాధ వేసవి. దానికి ఇదే పద్ధతి తిరుగవేసి వాడవచ్చును. నగరమునకు తూర్పుననున్న పోచారములో ఇన్ఫోసిస్ సంస్థ 2011లో కట్టిన భవనము ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంతము. ఆ భవనములో ఒక సగమునకు మామూలు చల్లగాలి పద్ధతిని, రెండవ సగమునకు కాంక్రీటు పలకలో పాతిన గొట్టముల చన్నీటి పద్ధతిని పెట్టి, రెండింటి ఖర్చును విడివిడిగా కొలిచిరి. మొదటి రెండేండ్ల కొలతలో చన్నీటి సగమునకు విద్యుత్తు సుమారు 34 శాతము తక్కువ పట్టినది.

అయితే అక్కడ గదిలోనికి తేమ తీసిన గాలిని వేఱుగా పంపుచున్నారు. ఆ యేర్పాటు లేనిచో వానకాలమున చల్లనినేలపై చెమ్మ పట్టి జారును. సామాన్య గృహస్థుడు ఈ పనికి పూనుకొనుట మేము చెప్పము. భవనము పెద్దదైనను గది చిన్నదైనను సూత్ర మొకటియే. గొట్టమునకును గదికిని నడుమ అడ్డెంత తక్కువయో, నీటిని అంత తక్కువగా వేడిచేయవచ్చును, అంత తక్కువగా చల్లార్చవచ్చును.

ఐదువందల పిల్లలకు లెక్క

ఇక మన పనికి వత్తము. హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధనాలయము వారు వృద్ధిచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులును, పశువైద్య విశ్వవిద్యాలయము వారి రాజశ్రీ జాతియు పెరటి పెంపకమునకై మన పల్లెలలో వ్యాపించి యున్నవి. ఈ పిల్లలను నేరుగా పెరటిలో వదలరాదు. నాలుగు మొదలు ఆఱు వారముల వఱకు వెచ్చని గదిలో పెంచి, టీకాలు వేయించి, పిమ్మట పంచవలెను. పిల్లకు తొలి దినములలో స్వదేహమున వేడి నిలుపుకొను శక్తి లేదు; రెండవ వారము నడుచుచుండగా గాని అది కుదురుకొనదు. అందుచేత మొదటి వారము పిల్ల యున్నచోట 35 డిగ్రీలును, తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుచు, 21 డిగ్రీల వఱకును దింపవలెనని శాస్త్రజ్ఞుల విధి.

ఐదువందల పిల్లలకు తలకు అర చదరపు టడుగు చొప్పున 250 చదరపు టడుగుల గది వలయును. ఈ నేలనంతటిని వెచ్చజేయరాదు. పిల్ల తనకు వేడెక్కినప్పుడు తొలగిపోవుటకు చల్లనిచోటు ఉండవలెను. గది నడుమ 80 చదరపు టడుగులు, అనగా సుమారు 7.4 చదరపు మీటర్ల పట్టీ వెచ్చగా నున్న చాలును. మేత, నీళ్ల పాత్రలు పట్టీ అంచున నుండవలెను.

గదిగాలి 24 డిగ్రీలు, పట్టీ పైముఖము 32 డిగ్రీలు అనుకొందము. 8 డిగ్రీల భేదమునకు చదరపు మీటరు 88 వాట్లు. పట్టీ మొత్తము 650 వాట్లు. పట్టీపై రెండడుగుల యెత్తున గోనెపందిరి కట్టినచో అడుగున గాలి వెచ్చబడి, పిల్లలకు కావలసిన వేడి కుదురును; ఖర్చును తగ్గును. గొట్టములు ఆఱంగుళముల కొకటి చొప్పున గచ్చులో పాతినపుడు, నీటికిని గచ్చు పైముఖమునకును ఈ ప్రవాహమున సుమారు 6 డిగ్రీల భేదముండును. కావున ఉత్త గచ్చుకు నీరు సగటున 38 డిగ్రీలు, తాండూరు బండకు 39 డిగ్రీలు ఉండిన చాలును.

దీనిపై అరంగుళము ఊక పఱచితి మనుకొందము. పైముఖము 32 కాదు, 30 డిగ్రీలే చాలునని సరిపెట్టుకొన్నను చదరపు మీటరుకు 66 వాట్లు పైకి రావలెను. అరంగుళము ఊక సుంకము 16 డిగ్రీల పైచిలుకు, గచ్చు సుంకము 4 డిగ్రీల పైచిలుకు. నీరు సగటున 50 డిగ్రీలకు దగ్గఱ నుండవలెను. రెండంగుళముల ఊక పఱచి 45 డిగ్రీల నీరు పంపినచో ఊక పైముఖము 26 డిగ్రీలకు మించదు. పిల్లలు చలికి గుమిగూడుచుండును. ఆసామి యంత్రమును నిందించుచుండును. దోషము ఊక మందములో నున్నది.

నీటితొట్టి ఎంతసేపు నిలుచును

ఈ పది పన్నెండు డిగ్రీల భేదము కాగితముమీద చిన్నదిగా తోచును. తొట్టివద్ద దాని ప్రభావము కనబడును. 300 లీటర్ల సూర్యతాప యంత్రము ఎండగల శీతకాలపు దినమున సాయంకాలమునకు 60 డిగ్రీల నీరీయగలదు. ఉత్త గచ్చుకో బండకో తొట్టిలో నీరు 40 డిగ్రీలకు దిగువఱకు పనికివచ్చును. అనగా 20 డిగ్రీల వేడి మన చేతికి వచ్చును. అది 7 యూనిట్ల విద్యుత్తుకు సమానము. పైకి పోవు 650 వాట్లు, క్రిందికి పోవు 50 వాట్లు కలిపి గంటకు 0.7 యూనిటు ఖర్చైన, పది గంటలు నిలుచును. రాత్రి 8 గంటలకు మొదలిడిన తెల్లవారుజాము 6 గంటల వఱకు చింత లేదు.

అరంగుళపు ఊక యున్నచో నీరు 51 డిగ్రీలకు దిగగానే పనికిరాదు. చేతికి వచ్చునది 9 డిగ్రీల వేడియే, అనగా 3 యూనిట్లకు కొంచెము పైన. గంట ఖర్చు తక్కువైనను అది ఐదున్నర గంటలలో అయిపోవును. రాత్రి ఒంటిగంటన్నరకు, సరిగా చలి ముదురువేళకు, తొట్టి చేతులెత్తివేయును. యంత్రము, నీరు, గొట్టము అన్నియు ఒకటియే. మారినది అరంగుళము ఊక మాత్రమే. పిల్లలు బ్రతుకుటకును చచ్చుటకును నడుమ ఇంతటి చిన్న సంగతి యుండునని సభ్యులు మఱువరాదు.

ఊకను విడువవలెనా

విడువ నక్కరలేదు. ఊక పిల్లల రెట్టల తేమను పీల్చును; అది లేక గది నడువదు. దానిని వేయు క్రమము మార్చుకొనవలెను. మొదటి నాలుగు దినములు వెచ్చని పట్టీపై నాలుగైదు పొరల వార్తాపత్రిక కాగితము మాత్రము వేయవలెను. దాని సుంకము అర డిగ్రీకి మించదు. పిల్లలు ఊకను మేతగా భ్రమించి తినకుండుటకును ఇది మంచిది. కాగితము తడిసిన వెంటనే మార్చవలెను. నున్నని కాగితము పనికిరాదు, పిల్లల కాళ్లు జారి చీలును. పట్టీ వెలుపలి నేలపై మామూలుగా రెండంగుళముల ఊక ఉండవచ్చును. ఐదవదినము మొదలు పట్టీపై గచ్చు కనబడీ కనబడనంత ఊక చల్లి, రెండవ వారము చివరకు అరంగుళము, మూడవ వారమునకు అంగుళము, పిమ్మట రెండంగుళములు చేయవలెను. పిల్లకు కావలసిన వేడి వారము వారము తగ్గుచుండగా ఊక వారము వారము పెరుగును. నీటివేడిని పలుమాఱు సవరింప నక్కరలేకయే ఊకమందముతోనే నేల ఉష్ణమును దింపవచ్చును.

మఱియొక విశేషము. పిల్ల ఊకపై పరున్నప్పుడు దాని దేహమే మూతవలె వేడిని పైకి పోనీయదు. దానిక్రింది ఊక క్రమముగా నీటివేడికి దగ్గఱగా వచ్చును. కావున ఊక పైముఖపు కొలతకంటె పిల్లకు తగులు వేడి కొంత హెచ్చుగానే యుండును. ఈ కారణముచేతనే నీటిని 50, 55 డిగ్రీలకు పెంచుట ప్రమాదము; ఊక చెదరిన చోట పిల్లల పాదములు కాలును, దేహము ఎండును. నివాసగృహములందును వెచ్చని నేలపై దూదిపరుపు పఱచి వదలిన దానిక్రింద ఇట్లే వేడి పేరుకొనును.

వెచ్చని నేలకు ఊకను ఎండబెట్టు గుణము కలదు. ఎండు ఊకలో కంటిమంట పుట్టించు అమోనియా వాసన తగ్గును. రక్తవిరేచనములు కలిగించు కాక్సీడియా వ్యాధికి తడి ఊకయే పుట్టినిల్లు గనుక ఆ భయమును తగ్గును. దీపముతో పైనుండి వేడిచేయునపుడు ఈ లాభము ఇంతగా రాదు.

కట్టునపుడు జాగ్రత్తలు

మొదట నేలను దిమ్మిస చేసి, చెమ్మ రాకుండ ప్లాస్టిక్ పట్టా పఱచి, దానిపై రెండంగుళముల గట్టి థర్మోకోల్ పలకలు పేర్చవలెను. ఖర్చునకు వెనుదీసి దీనిని మానినచో పైకి రావలసిన వేడి భూమిలోనికి పోవును. పైన ఊక, క్రింద ఉత్త మన్ను ఉన్నచో సగమో అంతకు మించియో భూదేవికే సమర్పణమగును. పట్టీ చుట్టును అంచులకు అరంగుళము థర్మోకోల్ నిలువుగా పెట్టవలెను. ఎలుకలు, చీమలు దూరకుండ అంచును సిమెంటుతో మూయవలెను.

గొట్టము వేడినీటికై చేసిన పెక్స్ జాతిది, 16 మిల్లీమీటర్లది కావలెను. 80 చదరపు టడుగులకు ఆఱంగుళముల యెడముతో సుమారు 50 మీటర్లు పట్టును. ఒకే చుట్టగా, గచ్చులో అతుకు లేకుండ వేయవలెను. ఇంటనున్నదిగదా యని బిందుసేద్యపు నల్లగొట్టమును పాతరాదు. అది చన్నీటికి చేసినది. వేడికి మెత్తబడి, ఒత్తిడికి ఉబ్బి, కొన్నాళ్లకు చిట్లును. సామాన్యపు పీవీసీ గొట్టమును ఇట్టి వేడికి నిలువదు. గొట్టమును ఒకవైపునుండి మఱియొకవైపునకు వరుసగా పోనీయక, వచ్చు నీరును పోవు నీరును ప్రక్కప్రక్కన నడుచునట్లు గవ్వచుట్టుగా తిప్పిన నేల అంతట సమముగా వెచ్చనగును.

గచ్చు పోయుటకు ముందు గొట్టమున నీరు నింపి ఒత్తిడి పెట్టి ఒక దినము పరీక్షింపవలెను. పోయుచున్నంతసేపును ఒత్తిడి ఉంచవలెను. గొట్టముపై గచ్చు అంగుళమున్నరకు తక్కువ కారాదు. గచ్చు పోసిన 21 దినముల వఱకు వేడినీరు పంపరాదు. పిమ్మట మూడు దినములు 25 డిగ్రీలతో మొదలిడి దినక్రమమున పెంచవలెను. తొందరపడిన నేల చీలును. తొట్టికిని గొట్టమునకును నడుమ వేడిని చన్నీటితో కలిపి సరిచేయు కవాటము తప్పక యుండవలెను; 60 డిగ్రీల నీరు నేరుగా నేలలోనికి పోరాదు. నిమిషమునకు రెండున్నర లీటర్లు త్రిప్పు చిన్న పంపు చాలును.

గచ్చునేల ఆలస్యముగా వేడెక్కును, ఆలస్యముగా చల్లారును. 7.4 చదరపు మీటర్ల నాలుగంగుళముల గచ్చును 15 డిగ్రీలు పెంచుటకే 6 యూనిట్లకు మించిన వేడి పట్టును. కావున పిల్లలు వచ్చుటకు రెండు దినములు ముందే నీరు త్రిప్పవలెను. ఈ ఆలస్యమే కరెంటు పోయినపుడు మనకు రక్ష. పంపు ఆగినను గచ్చు 3 డిగ్రీలు చల్లారులోపల సుమారు రెండు గంటల వేడి నిచ్చును. దీపమునకు అట్టి నిలువ లేదు.

మబ్బు కమ్మిన దినములు ఉండును. ఆ రాత్రులకు కట్టెలతోనో గ్యాసుతోనో నీరు కాచు ఏర్పాటును గది వెలుపల ఉంచుకొనవలెను. రెండు దీపములనైనను వ్రేలాడదీసి సిద్ధముగా ఉంచుట వివేకము.

పిల్లలే కొలబద్దలు

పై లెక్కలు ఏర్పాటునకు మాత్రమే. దినదినపు సవరణకు పిల్లల నడవడియే ప్రమాణము. రాత్రి పదిగంటలకును, తెల్లవారుజాము నాలుగు గంటలకును దీపము తీసికొని చూడవలెను. పిల్లలు పట్టీపై అంతట సమముగా పరచుకొని నిద్రించుచున్న వేడి సరిపోయినది. గుట్టగా గుమిగూడి కీచుమనుచున్న చలి. పట్టీ విడిచి అంచులకు పోయి, నోరు తెఱచి, రెక్కలు చాచి యున్న వేడి మించినది. అన్నియు ఒకే మూలకు చేరిన గాలి ఒకవైపునుండి కొట్టుచున్నదని అర్థము. నీటివేడిని గాక పరదాను సరిచేయవలెను. పరదాలన్నియు బిగించి గాలి రాకుండ చేయుట మాత్రము కూడదు.

వరి నారుమళ్లకు అదే సూత్రము

యాసంగి నారు పోయు సభ్యులు ఈ సూత్రమునే మడిలో చూడవచ్చును. రాత్రి ఉష్ణము 13 డిగ్రీలకు దిగిన నారు ఎఱ్ఱబడి ఎదుగుదల నిలుచును. బోరునీరు శీతకాలమున గాలికంటె వెచ్చగా వచ్చును. ఉదయమున మడిలోని చల్లారిన నీటిని తీసివేసి క్రొత్తనీరు పెట్టుట, రాత్రి పాలిథీన్ పట్టాను కఱ్ఱలపై మొలకకు తగులకుండ కప్పి ఉదయమున తీసివేయుట వేళ్లను వెచ్చగా నుంచు సులభ మార్గములు. క్రింద వెచ్చదనము, పైన తగిన కప్పు, ఇక్కడను అదియే.

ఎవరికి తగును

శీతకాలమున పిల్లకు 2 వాట్ల చొప్పున ఐదువందల పిల్లలకు దీపముల ఖర్చు 1000 వాట్లు. రాత్రి 12 గంటల చొప్పున రెండు వారములకు 168 యూనిట్లు. వెచ్చని నేలకు 40 వాట్ల పంపు అంతేకాలమునకు 7 యూనిట్లు పట్టును. తమ మీటరు ధర వేసికొని, యంత్రము, గొట్టము, థర్మోకోల్, మేస్త్రీకూలి మొత్తమును దానితో భాగించినచో ఎన్ని విడతలకు పెట్టుబడి తిరుగునో సభ్యులు తామే తేల్చుకొనగలరు. ఆ లెక్కలో చావని పిల్లల వెలను కలుపుట మఱువరాదు.

ఏడాదికొకసారి వందపిల్లలను తెచ్చుకొను గృహిణికి ఈ యేర్పాటు వలదు. ఆమెకు నాలుగు దీపములు, ఒక రేకుపందిరి, తడి లేని ఊక, కరెంటు పోయిన రాత్రికి కప్పుటకు గోనెలు చాలును. అప్పుచేసి నేల త్రవ్వించుట ఆ యింటికి క్షేమము కాదు. కార్తికము మొదలు మాఘము వఱకు విడత వెంట విడతగా పిల్లలను పెంచి పంచువారికి ఇది తగును. అట్టివా రొక్కరు లేని గ్రామమున సభ్యులు పదిమంది కలసి ఒక ఉమ్మడి గదిని కట్టుకొని, నాలుగు వారముల పిల్లలను తలా యాభై చొప్పున పంచుకొనుట మేలు. విడిగా పదియిండ్లలో పది దీపపుగూళ్లకు పెట్టు కరెంటు, కాపలా, మందు ఖర్చు ఒక్క గదిలో పొదుపగును. టీకాలు వేయించుటయు సులభమగును. సహకార మన్నది ఇట్టి పనులకొఱకే గదా!

పూనుకొనదలచిన సభ్యులు గది కొలతలు, ఇప్పటి నేల గచ్చో బండయో మట్టియో, విడతకు పిల్లల సంఖ్య, ఏడాదికి విడతలు, గడచిన శీతకాలమున చనిపోయిన పిల్లల లెక్క, ఈ ఐదింటిని కాగితముపై వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. ఆ పిమ్మట గొట్టము కొనుట మాట ఆలోచింపవచ్చును. మొదట పఱపు, తరువాత నీటివేడి, చివరకు యంత్రము; ఈ వరుసను తప్పనివారికి నష్టము రాదు.